బెంగళూరులో కారు సర్వీసుకి ఇచ్చేముందు: ఇంజన్ ఆయిల్ ఎంపిక, జాబ్ కార్డ్, తర్వాతి తనిఖీ

సర్వీస్ సెంటర్లో తాళం చేతికివ్వగానే అడ్వైజర్ అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "సార్, మామూలు ఆయిలా, ఫుల్లీ సింథటిక్ వేయించమంటారా?" మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపైతే ఇదే ప్రశ్న తెలుగులోనే వినిపించవచ్చు. ఏ భాషలో అడిగినా ఇందులో అసలు విషయం లేదు. ఇంజన్‌కి తెలియాల్సినవి రెండే: ఆయిల్ గ్రేడు ఏమిటి, అది ఏ ప్రమాణానికి తయారైంది. ఈ రెండూ ఖాయమైతే సింథటిక్ (ఫ్యాక్టరీలో ఎక్కువ శుద్ధి చేసి తయారుచేసే ఆయిల్) సంగతి చాలావరకు దానంతటదే తేలిపోతుంది. రెండిటికీ జవాబు కారుతో పాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. దాన్ని గ్లవ్ బాక్స్‌లోంచి బయటికి తీసేవాళ్ళే తక్కువ.

1. మాన్యువల్లోంచి నాలుగు సంగతులు రాసుకోండి

పుస్తకం చివర్లో ఉండే స్పెసిఫికేషన్స్ పేజీ, దానికి ముందుండే మెయింటెనెన్స్ షెడ్యూల్ చూస్తే చాలు. రాసుకోవాల్సినవి ఇవి: గ్రేడు (ఉదాహరణకి 0డబ్ల్యూ-20), ప్రమాణం (అమెరికా సంస్థ ఏపీఐ, అమెరికా-జపాన్ కార్ల కంపెనీల ఇల్సాక్, యూరప్ కార్ల కంపెనీల ఏసీఈఏ పెట్టినవి లేదా కార్ల కంపెనీ సొంత నంబరు), ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుంది, కష్టమైన వాడకానికి విడిగా ఇచ్చిన గడువు.

ఇక్కడ ఎక్కువమంది పొరపడేది ఒకచోట. ఒకే మోడల్‌కి పెట్రోల్, టర్బో పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ అన్నిటికీ కలిపి ఒకే పుస్తకం ఇస్తారు. పట్టికలో మీ ఇంజన్ వరస ఏదో చూసి ఆ వరసే రాసుకోండి. పక్కింటాయన కారూ మీదీ ఒకే పేరుతో ఉన్నంత మాత్రాన ఆయిల్ ఒకటే అవ్వాలని లేదు. పుస్తకం పోతే కంపెనీ భారతీయ వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతినే దించుకోండి. అదే కారుకి వేరే దేశంలో వేరే ఇంజన్, వేరే గడువు ఉండొచ్చు. చాలా కార్లలో ఆయిల్ పోసే మూత మీద కూడా గ్రేడు అచ్చు వేసి ఉంటుంది, సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

2. గ్రేడులో రెండు అంకెలు ఏం చెబుతాయి

0డబ్ల్యూ-20లో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. డిసెంబరు తెల్లవారుజామున కూడా బెంగళూరు ఆ దరిదాపులకి పోదు. కాబట్టి 0డబ్ల్యూనా 5డబ్ల్యూనా అన్న తేడా ఇక్కడ చిన్నదే. కాకపోతే పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పలచని ఆయిల్ పైభాగాలకి కాస్త త్వరగా చేరుతుంది.

అసలు పట్టించుకోవాల్సింది రెండో అంకెని. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో అది చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర 20 గ్రేడు చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత), 30 గ్రేడుది 9.3 నుంచి 12.5, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3. అంటే 20 బదులు 40 పోస్తే దాదాపు రెట్టింపు చిక్కని ఆయిల్ పోసినట్టే. బేరింగ్‌కి షాఫ్ట్‌కి మధ్య ఖాళీ, ఆయిల్ పంపు సామర్థ్యం, పిస్టన్ కిందికి ఆయిల్ చిమ్మే రంధ్రాల సైజు అన్నీ ఒక చిక్కదనాన్ని అనుకునే లెక్కగడతారు.

"మన ఎండలకి చిక్కటి ఆయిలే మంచిది" అనే సలహా మెకానిక్‌ల దగ్గర, బంధువుల దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. పాత కార్బొరేటర్ బళ్ళకి 20డబ్ల్యూ-50 పోసిన రోజుల నుంచి వచ్చిన అలవాటు అది. ఇప్పటి ఇంజన్‌లో కూలెంట్ వేడిని థర్మోస్టాట్ 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. బయట బెంగళూరులో 28 ఉన్నా, నంద్యాలలో 43 ఉన్నా లోపలి ఆయిల్ వేడిలో వచ్చే తేడా మనం భయపడేంత కాదు. భారతదేశంలో అమ్మే కారుకి ఇక్కడి వేడిని లెక్కలోకి తీసుకునే మాన్యువల్ రాస్తారు.

అనవసరంగా చిక్కని ఆయిల్ పోస్తే ఏమవుతుంది? ముందు మైలేజీ తగ్గుతుంది. తర్వాత వాల్వ్ టైమింగ్‌ని మార్చే వీవీటీ వ్యవస్థ ఆయిల్ ప్రెషర్‌తోనే నడుస్తుంది కాబట్టి అది మందకొడిగా స్పందిస్తుంది, కొన్ని కార్లలో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఫిల్టర్ గుండా సాఫీగా పోలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుని, వడకట్టని ఆయిలే ఇంజన్‌లో తిరుగుతుంది. అటువైపు పొరపాటు కూడా తక్కువదేం కాదు. 40 అడిగిన ఇంజన్‌కి 20 పోస్తే బేరింగుల మధ్య పొర పలచబడి అరుగుదల మొదలవుతుంది, బాగా వేడెక్కి సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ప్రెషర్ పడిపోవచ్చు.

మాన్యువల్ ఒకటికి మించి గ్రేడులు ఒప్పుకుంటే ఎంపిక మీది. లక్ష కిలోమీటర్లు దాటి కొంచెం ఆయిల్ తాగుతున్న బండికి, జాబితాలో ఉంటే 0డబ్ల్యూ-20 నుంచి 5డబ్ల్యూ-30కి మారడం సబబే. జాబితాలో లేకపోతే వద్దు.

3. ప్రమాణం: చిన్న అక్షరాలే ముఖ్యం

ఒకే 5డబ్ల్యూ-30 పేరుతో పక్కపక్కనే ఉన్న రెండు డబ్బాలు లోపల పూర్తిగా వేరు కావచ్చు. తేడా వెనకవైపు అచ్చయిన చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పెట్రోల్ ఇంజన్‌కి ఏపీఐ వర్గీకరణ ఎస్ అక్షరంతో మొదలవుతుంది. 2010లో వచ్చింది ఎస్‌ఎన్, 2020 మేలో వచ్చింది ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ. పెట్రోల్ శ్రేణిలో కొత్తది పాతదాని స్థానంలో వాడొచ్చు. మాన్యువల్లో ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ నిశ్చింతగా పోయించుకోండి. ఎస్‌పీ అడిగిన ఇంజన్‌కి పాత సరుకు ఎస్‌ఎన్ మాత్రం పనికిరాదు. కారణం టర్బో పెట్రోల్ ఇంజన్లు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న చిన్న టర్బో ఇంజన్‌ని తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో గట్టిగా తొక్కితే, స్పార్క్ రాకముందే సిలిండర్‌లో మిశ్రమం అంటుకోవచ్చు. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు, తీవ్రంగా ఉంటే పిస్టన్‌నే పగలగొడుతుంది. ఆయిల్‌లో ఉండే కాల్షియం డిటర్జెంట్ దీన్ని పెంచుతుందని తేలాక ఫార్ములా మార్చారు. ఎస్‌పీలో దీనికీ, టైమింగ్ చెయిన్ అరుగుదలకీ పరీక్షలు ఉన్నాయి. కాబట్టి టర్బో పెట్రోల్ కారున్నవాళ్ళు జాబ్ కార్డ్ (చేయాల్సిన పనులు రాసి సంతకం తీసుకునే కాగితం) మీద ఎస్‌పీ లేదా ఆపైది అని రాయించడం మర్చిపోకూడదు.

ఇల్సాక్ గుర్తులు కూడా ఉంటాయి. జీఎఫ్-6ఏ అయితే నక్షత్రం లాంటి ముద్ర, జీఎఫ్-6బీ అయితే డాలు ఆకారం. 6బీ అనేది 0డబ్ల్యూ-16కి మాత్రమే. 16 గ్రేడు కోసం తయారుకాని పాత ఇంజన్‌లో పొరపాటున దాన్ని పోయకుండా ఉండేందుకే ముద్ర ఆకారం మార్చారు. కొత్త మారుతి పెట్రోల్ ఇంజన్లు కొన్నిటికి ఈ 0డబ్ల్యూ-16 వాడతారు, అదే పేరున్న పాత మోడల్‌కి వేరే గ్రేడు.

డీజిల్ సంగతి ఇంకా సున్నితం. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకి పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటోంది. మసిని అది కాల్చేసుకోగలదు, ఆయిల్‌లోని లోహపు మందుల నుంచి వచ్చే బూడిదని కాల్చలేదు. ఆ బూడిద అక్కడే పేరుకుంటుంది. అందుకే ఏసీఈఏ సీ2, సీ3 లాంటి తక్కువ బూడిద ఆయిళ్ళు. వీటిలో సల్ఫేటెడ్ యాష్ 0.8 శాతం మించకూడదు, ఏసీఈఏలోనే ఏ3/బీ4 రకంలో 1.6 దాకా ఉండొచ్చు. బీఎస్4 డీజిల్‌కి బాగా పనిచేసిన ఆయిలే బీఎస్6కి పోస్తే ఇంజన్ వెంటనే ఏమీ అనదు. చాలా వేల కిలోమీటర్ల తర్వాత డీపీఎఫ్ మూసుకుపోయి బిల్లు రూపంలో తెలుస్తుంది, ఆ బిల్లు ఎన్నో సర్వీసుల ఆయిల్ ఖర్చు కంటే ఎక్కువ.

యూరప్ కార్లకి కంపెనీ సొంత నంబర్లుంటాయి. ఫోక్స్‌వాగన్ 504 00/507 00, మెర్సిడెస్ 229.51 లాంటివి. ఫోక్స్‌వాగన్ 508 00/509 00 అనేది పలచని 0డబ్ల్యూ-20, 504 అడిగిన ఇంజన్‌లో వాడేది కాదు. కొత్త నంబరు కదా అని పైచేయి అనుకుంటే దెబ్బతింటాం. డబ్బా మీద "అప్రూవల్" అని ఉందా, ఉత్త "రికమెండెడ్ ఫర్" అని ఉందా కూడా చూడండి. మొదటిది కార్ల కంపెనీ పరీక్షించి ఇచ్చిన అనుమతి. రెండోది ఆయిల్ కంపెనీ తన మాటగా చెప్పుకున్నది.

ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్ ఇంకా నడుపుతున్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఆ ఇంజన్‌లో టైమింగ్ బెల్ట్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. ఫోర్డ్ చెప్పిన డబ్ల్యూఎస్ఎస్-ఎం2సీ948-బీ ప్రమాణం, 5డబ్ల్యూ-20 గ్రేడు తప్ప వేరే ఆయిల్ పోస్తే, లేదా గడువు దాటిస్తే, బెల్ట్ రబ్బరు పొట్టులా రాలి ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడుతుంది. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేశాక బయటి గ్యారేజీల్లో "అన్ని పెట్రోల్ బళ్ళకీ ఇదే" అని ఒకే డ్రమ్ములోంచి పోసే ప్రమాదం ఎక్కువైంది.

4. సింథటిక్‌కి డబ్బు ఎప్పుడు పెట్టాలి

0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 అయితే చర్చే లేదు, ఆ గ్రేడులు సింథటిక్ తరగతి బేస్ ఆయిల్ (మందులు కలపకముందు ఉండే మూల నూనె) లేకుండా తయారు కావు. అడ్వైజర్ "సింథటిక్‌కి అప్‌గ్రేడ్" అని ఇక్కడ అదనంగా అడిగితే, దేన్నుంచి దేనికి అప్‌గ్రేడో చెప్పమనండి. 5డబ్ల్యూ-30 దగ్గర మాత్రం నిజంగా రెండు రకాలూ దొరుకుతాయి. టర్బో ఉంటే, లేదా రోజూ ట్రాఫిక్‌లో గంటలు గడిచేట్లయితే ఫుల్లీ సింథటిక్ గిట్టుబాటే, వేడికి త్వరగా చిక్కబడదు. సెమీ సింథటిక్ అన్న మాటకి మాత్రం మేము పెద్దగా విలువివ్వం. అందులో సింథటిక్ పాలు ఎంతో డబ్బా మీద చెప్పరు. మాన్యువల్లో ఉన్న ప్రమాణాన్ని అందుకున్న మామూలు ఆయిల్, ప్రమాణం లేని ఖరీదైన సింథటిక్ కంటే మేలు.

5. కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

బెంగళూరులో ఆయిల్ విషయంలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. చాలా పెట్రోల్ కార్లకి గడువు 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది. కానీ సిల్క్ బోర్డ్ దగ్గర, టిన్ ఫ్యాక్టరీ దగ్గర కారు నిలబడి ఉన్నా ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు.

డ్యాష్‌బోర్డ్‌లో సగటు వేగం చూపించే కారైతే ఒక చిన్న లెక్క వేయండి. సగటు గంటకి 18 కిలోమీటర్లు వస్తే 10,000 కిలోమీటర్లకి ఇంజన్ సుమారు 556 గంటలు తిరిగినట్టు. అదే కారు 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం, కర్నూలు తిరుగుతూ సగటు 60 తెచ్చుకుంటే 167 గంటలే. ఆయిల్ వయసు మూడింతలకి పైగా తేడా, మీటరు మీద అంకె మాత్రం ఒకటే.

రెండో రకం వాడకం చిన్న ప్రయాణాలది. ఇంటి నుంచి ఆఫీసుకి మూడు నాలుగు కిలోమీటర్లే అయితే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల పేరుకున్న తేమ, పూర్తిగా కాలని పెట్రోల్ ఆవిరైపోవడానికి వీలుండదు. ఆయిల్ మూత అడుగున పాలమీగడ లాంటి తెల్లటి జిగురు కనిపించేది ఇందుకే. మూత మీద మాత్రమే ఉంటే ఒక పొడుగు ప్రయాణంతో పోతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా ఉండి, కూలెంట్ తగ్గుతూ ఉంటే అది వేరే సంగతి, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగం అతుకులో ఉండే సీలు) చూపించాలి.

మాన్యువల్లో "సివియర్ కండిషన్స్" అనే పట్టిక ఉండేది ఇలాంటి వాడకానికే. ఆగుతూ పోయే ట్రాఫిక్, ఎక్కువసేపు ఐడిలింగ్, చిన్న ప్రయాణాలు, దుమ్ము ఉంటే గడువు తగ్గించమని అందులో రాసి ఉంటుంది, తరచుగా సగానికి. ఔటర్ రింగ్ రోడ్ మీద రోజూ తిరిగే కారు ఆ పట్టికలోకే వస్తుంది. ఖరీదైన ఆయిల్‌కి డబ్బు పెట్టి ఏడాదంతా నడపడం కంటే, సరైన మామూలు ఆయిల్‌ని త్వరగా మార్చడం ఈ ఊళ్ళో తెలివైన పని.

6. ఎన్ని లీటర్లు, బిల్లులో ఏం చూడాలి

చిన్న పెట్రోల్ ఇంజన్లకి మూడు నుంచి నాలుగు లీటర్లు, 1.5 లీటర్ డీజిళ్ళకి ఐదు దాకా సాధారణం. ఖచ్చితమైన అంకె మీ మాన్యువల్ది. డీలర్ దగ్గర ఆయిల్ పెద్ద బ్యారెల్ నుంచి మీటరున్న గన్‌తో పోస్తారు, బిల్లు దశాంశాల్లో రావచ్చు. మాన్యువల్లో 3.3 ఉండి బిల్లులో 4 వస్తే రెండే అర్థాలు: పోయని ఆయిల్‌కి డబ్బు కట్టారు, లేదా ఎక్కువ పోశారు. రెండోది ఎక్కువ ప్రమాదం. మట్టం మరీ పెరిగితే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ పంపులోకి పోతే ప్రెషర్ నిలవదు.

ఆయిల్‌తో పాటు ఫిల్టర్, డ్రెయిన్ బోల్ట్ (పాత ఆయిల్ దించే బోల్ట్) వాషర్ బిల్లులో ఉండాలి. పది ఇరవై రూపాయల వాషర్ మార్చకపోతే కొన్ని వారాలకి ఇంటి పార్కింగ్‌లో నూనె మరక కనిపించవచ్చు.

సొంత ఆయిల్ తెచ్చుకుంటామంటే ముందే ఫోన్ చేసి అడగండి. కొన్ని చోట్ల ఒప్పుకోరు, కొన్ని చోట్ల ఒప్పుకుని జాబ్ కార్డ్ మీద "కస్టమర్ తెచ్చిన ఆయిల్" అని రాస్తారు. వారంటీలో ఉన్న కారుకి మా సలహా డీలర్ ఆయిలే, గొడవ వస్తే కాగితం మీ వైపు ఉంటుంది. మారుతి ఎక్‌స్టార్, మహీంద్రా మ్యాక్సిమైల్ లాంటి కంపెనీ ఆయిళ్ళు ఆ ఇంజన్ల ప్రమాణానికి తయారైనవే, చిన్నచూపు అక్కర్లేదు. వారంటీ దాటాక బయట కొంటే జేసీ రోడ్‌లో రేటు తక్కువని ఎగబడకండి. సీల్ రింగు చెదరని డబ్బా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గీకి చూసే కోడ్ ఉంటే అది, జీఎస్‌టీ బిల్లు చూసి తీసుకోండి. ఖాళీ డబ్బాలని కోసి పారేయించండి, నకిలీ సరుకు నింపేది వాటిలోనే.

7. జాబ్ కార్డ్ మీద రాయించాల్సిన వాక్యం

నోటిమాట వర్క్‌షాప్ లోపలికి వెళ్ళదు. అడ్వైజర్ వేరు, ఆయిల్ పోసే మెకానిక్ వేరు. మాన్యువల్ ప్రకారం గ్రేడు, ప్రమాణం, లీటర్లు, కొత్త ఫిల్టర్, కొత్త వాషర్ అన్నీ ఒకే వాక్యంలో రాయించి, ఫొటో తీసుకుని సంతకం చేయండి. ఉదాహరణకి: "0డబ్ల్యూ-20, ఏపీఐ ఎస్‌పీ, 3.3 లీటర్లు, కొత్త ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ వాషర్ మార్చాలి, ఫ్లష్ వద్దు, అడిటివ్ వద్దు."

చివరి రెండూ ఎందుకంటే, ఎస్టిమేట్‌లో ఇంజన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్, ఇంజన్ కోటింగ్ అని కొన్ని వరసలు మెల్లగా చేరతాయి. వేళకి ఆయిల్ మార్చే ఇంజన్‌కి ఇవి అవసరం లేదు. ఆయిల్‌లో ఉండాల్సిన మందులు తూకం ప్రకారం ముందే కలిపి ఉంటాయి. మాన్యువల్ షెడ్యూల్‌లో ఆ పని ఎక్కడుందో చూపించమని అడిగితే చాలు, చర్చ అక్కడితో ఆగుతుంది.

8. కారు తీసుకునేటప్పుడు, తర్వాత వారం

సెంటర్ ఆవరణలోనే బోనెట్ తెరవండి. సమతలంగా ఉన్న చోట ఇంజన్ ఆపి ఐదు పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి చూడండి. రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి దగ్గరగా ఉండాలి, దాటకూడదు. దాటితే అక్కడే తీయించండి, "నడిస్తే సర్దుకుంటుంది" అంటే ఒప్పుకోవద్దు. సర్వీస్ రిమైండర్ రీసెట్ చేశారో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఒక నిమిషం ఉంచి కిందికి వంగి చూడండి. ఫిల్టర్ దగ్గర ధారగా కారితే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుపోయి, దాని మీద కొత్తది బిగించి ఉండొచ్చు. ఆయిల్ వేగంగా పోతుంది, అలా రోడ్డెక్కకండి. డ్రెయిన్ బోల్ట్ దగ్గర చెమ్మ ఉంటే వాషర్ మార్చలేదు, లేదా బిగింపు సరిగ్గా లేదు. చాలా చిన్న కార్లకి ఈ బోల్ట్ 30 నుంచి 40 న్యూటన్ మీటర్లతో బిగించాలి. బలంకొద్దీ బిగిస్తే అల్యూమినియం సంప్‌లో (ఆయిల్ నిలిచే అడుగు పాత్రలో) మర పోతుంది, ఆ తప్పు వచ్చే సర్వీసులో విప్పేటప్పుడు బయటపడుతుంది.

డీజిల్‌లో కొత్త ఆయిల్ కొద్ది కిలోమీటర్లకే నల్లబడుతుంది, అది మసిని కడిగి పట్టుకుంటున్నట్టే, మోసం జరిగినట్టు కాదు. డీజిల్‌లో చూడాల్సింది మట్టం పెరగడం. ట్రాఫిక్‌లో డీపీఎఫ్ శుభ్రపడే ప్రక్రియ మధ్యలో ఆగిపోతూ ఉంటే అందుకోసం చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగి, మట్టం పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది. వారానికోసారి దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ రోడ్డు లాంటి చోట సుమారు 20 నిమిషాలు ఆగకుండా నడిపితే ఆ ప్రక్రియ పూర్తవుతుంది. అయినా మట్టం పై గుర్తు దాటితే గడువు కోసం చూడకుండా ఆయిల్ మార్పించండి.

వెయ్యి కిలోమీటర్లకి ఒకసారి, ఊరికి బయల్దేరే ముందు ఒకసారి డిప్‌స్టిక్ చూసి మట్టం ఎక్కడుందో తేదీతో రాసుకోండి. తగ్గుతుంటే అదే గ్రేడు, అదే ప్రమాణం ఉన్న సీలు డబ్బా నుంచి కొద్ది కొద్దిగా పోస్తూ చూడండి. చాలా కార్లలో కింది గుర్తు నుంచి పై గుర్తుకి ఒక లీటరు అటూఇటూ పడుతుంది, కాబట్టి ఒకేసారి డబ్బా బోర్లించకండి.